ఏడు కిలోల సంచిలో మూడు వారాలు: థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం ప్రయాణానికి ఏమేం సర్దుకోవాలి?

మోసేవాడికే తెలుసు కావడి బరువు అన్న సామెత, వీపున సంచి తగిలించుకుని దేశాలు తిరిగేవారికి రెండో రోజుకే అనుభవంలోకి వస్తుంది. సామాను సర్దుకోవడం గురించి రాసే జాబితాలు చాలావరకు వస్తువులతో మొదలవుతాయి. ఈ వ్యాసం మాత్రం ఒక అంకెతో మొదలవుతుంది. ఆ అంకె 7 కిలోలు. మన విమానాల్లోనూ, ఆగ్నేయాసియా నగరాల మధ్య తిరిగే చౌక విమానాల్లోనూ ఎకానమీ ప్రయాణికుడు రుసుము లేకుండా తన వెంట లోపలికి తీసుకువెళ్లగలిగిన బరువు మామూలుగా అంతే. ఆ హద్దుకు లోబడితే సామాను కోసం ప్రతి మజిలీలోనూ అదనంగా చెల్లించనక్కరలేదు, బెల్టు దగ్గర నిలబడి ఎదురుచూడనక్కరలేదు, పోయిన పెట్టె కోసం ఫిర్యాదులు రాయనక్కరలేదు. అందువల్ల ప్రతి వస్తువునూ ‘ఇది పనికొస్తుందా’ అని కాక, ‘దీని బరువు ఎన్ని గ్రాములు’ అని అడుగుతూ సర్దుకోవడం ఈ మార్గదర్శి పద్ధతి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి దగ్గర పెట్టుకుంటే మిగిలిన పని సులువవుతుంది.

ఉదాహరణకు నవంబరు చివర హైదరాబాదు నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి అంగ్‌కోర్ ఆలయాలున్న సియెమ్ రీప్, తరువాత హో చి మిన్ నగరం, హోయి ఆన్, హనోయి, చివరగా ఉత్తర వియత్నాం కొండలు చూసి వచ్చే మూడు వారాల ప్రయాణాన్ని తీసుకుందాం.

మొదటి మెట్టు: దారిని, వాతావరణాన్ని కాగితం మీద పెట్టడం

‘ఆగ్నేయాసియా అంటే ఎండ’ అనుకుని బయలుదేరినవారు హనోయి చేరాక స్వెట్టర్ల దుకాణం వెతుక్కుంటారు. నవంబరు, డిసెంబరు నెలల్లో బ్యాంకాక్‌లో పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల పైనే ఉంటుంది. అదే సమయంలో హనోయిలో సన్నని చలి, సాపా వంటి కొండ ఊళ్లలో రాత్రిపూట 10 డిగ్రీల లోపు చలి ఉంటాయి. మధ్య వియత్నాంలోని హ్యూ, దా నాంగ్, హోయి ఆన్ ప్రాంతాల్లో అక్టోబరు, నవంబరు నెలలే అసలైన వానాకాలం. హోయి ఆన్ పాతబస్తీ వీధుల్లోకి నది నీరు రావడం అక్కడివారికి అలవాటైన సంగతి. అంటే ఒకే సంచి ఎండకు, చలికి, జడివానకు సరిపోవాలి. ఊరివారీగా తేదీ, పగటి వేడి, రాత్రి చలి, వాన అని నాలుగు గళ్ల పట్టిక గీసుకుంటే బట్టల లెక్క దానంతట అదే తేలుతుంది.

అదే కాగితం మీద ఎక్కడ విమానం, ఎక్కడ బస్సు అన్నదీ రాసుకోవాలి. థాయ్‌లాండ్, కంబోడియా మధ్య నేలమార్గపు సరిహద్దులు 2025లో ఘర్షణల వల్ల మూతపడ్డాయి. బయలుదేరే నాటి పరిస్థితిని చూసుకోవాలి, లేదా ఆ మజిలీకి విమానమే లెక్కలో పెట్టుకోవాలి. విమానాలు పెరిగే కొద్దీ ఏడు కిలోల హద్దు విలువా పెరుగుతుంది.

రెండో మెట్టు: సంచి

35 నుంచి 40 లీటర్ల సంచి ఈ ప్రయాణానికి చాలు. 60 లీటర్ల సంచి కొంటే అందులో మిగిలిన ఖాళీ ఊరకే ఉండదు. ఇంట్లో వాళ్లు చివరి నిమిషంలో ఏదో ఒకటి కుక్కుతారు. ఖాళీ సంచి బరువు 1 కిలో 200 గ్రాములు దాటకుండా, కొలత సుమారు 55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 20 మందానికి మించకుండా చూసుకోవాలి. విమానసంస్థల కొలతల్లో స్వల్ప తేడాలుంటాయి కనుక మీ టికెట్లన్నింటిలోకీ తక్కువ కొలత ఇచ్చినదాన్నే ప్రమాణంగా పెట్టుకోవాలి.

సంచి ఎంపికలో రంగు, జేబుల సంఖ్య కన్నా మీ వీపు పొడవు ముఖ్యం. తల ముందుకు వంచినప్పుడు మెడ కింద ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి, నడుముకు రెండు పక్కలా చేతులు పెట్టుకుంటే తగిలే తుంటి ఎముకల పైఅంచు వరకు టేపుతో కొలిస్తే ఆ పొడవు తెలుస్తుంది. దానికి సరిపడిన సంచిలో నడుము బెల్టు తుంటి ఎముకల మీద కూర్చుని బరువులో ఎక్కువ భాగాన్ని కాళ్లకు దింపుతుంది. సరిపడనిది మొత్తం బరువును భుజాలకే వేలాడదీస్తుంది. ముందువైపు సూట్‌కేసులా పూర్తిగా తెరుచుకునే జిప్పు ఉన్న సంచిని ఎంచుకోవడం మేలు. పైనుంచి మాత్రమే తెరుచుకునే సంచిలో సాక్సులు అడుగునే ఉంటాయి, వాటి కోసం ప్రతి రాత్రీ మొత్తం బయటికి తీయవలసి వస్తుంది.

సంచి పైన వేసే వాన తొడుగు వీపు వైపు కప్పదు; జడివానలో నీరు అటునుంచే లోపలికి ఇంకుతుంది. అందువల్ల సంచి లోపలే ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, సామానంతా అందులో పెట్టి మూతి మెలితిప్పి ముడవడం మంచిది. దీనికి నీరు చొరని ప్రత్యేకమైన డ్రై బ్యాగే కావాలని లేదు, గట్టి యూరియా బస్తా లోపలి పొరలాంటి కవరైనా ఇదే పని చేస్తుంది.

మూడో మెట్టు: పత్రాలు, డబ్బు

ఈ పని నెల రోజుల ముందే మొదలుకావాలి. పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి కనీసం 6 నెలల గడువు, ముద్రలకు ఖాళీ పేజీలు ఉండాలి. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల వరకు ఇస్తున్నారు; ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50 డాలర్లు రుసుము. దరఖాస్తులో ఏ విమానాశ్రయం లేదా ఏ సరిహద్దు నుంచి వెళ్తారో రాయాలి కనుక, మొదటి మెట్టులో గీసిన పట్టిక ఇక్కడ అక్కరకొస్తుంది. థాయ్‌లాండ్‌కు 2025 మే 1 నుంచి ప్రయాణికులు రాక వివరాల కార్డును ముందే ఆన్‌లైన్‌లో నింపాలి.

మన తెలుగువారి పేర్ల దగ్గర ఒక చిక్కుంది. ఇంటిపేరు, తాతగారి పేరు, దేవుడి పేరు కలిసి మూడు నాలుగు పదాలయ్యే పేర్లు విమాన టికెట్ గడిలో పట్టవు. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. వీసాలోనూ, టికెట్‌లోనూ పేరును రాసేటప్పుడు పాస్‌పోర్టు వివరాల పేజీ అడుగున ఉండే రెండు యంత్రలిపి పంక్తులను చూసి, అందులో ఉన్న వరుసలోనే రాయాలి. ఆధార్‌లో ఉన్నట్టో, బ్యాంకులో ఉన్నట్టో రాస్తే చెక్-ఇన్ దగ్గర వివరణలు ఇచ్చుకోవలసి వస్తుంది.

పత్రాల కవరులో పాస్‌పోర్టు, దాని నకళ్లు రెండు, వీసాల ప్రింట్లు, తిరుగు టికెట్, ప్రయాణ బీమా పత్రం, తెల్లని నేపథ్యంతో 4×6 సెంటీమీటర్ల ఫొటోలు ఆరు ఉండాలి. అన్నింటినీ స్కాన్ చేసి ఫోన్‌లోనూ, ఇంట్లో ఒకరి దగ్గరా ఉంచాలి. ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ బరువు లేనిదే కానీ, దాని విలువ దేశాన్ని బట్టి మారుతుంది. మన పర్మిట్ రోడ్డు రవాణాపై కుదిరిన 1949 జెనీవా ఒప్పందం కిందిది. థాయ్‌లాండ్ దానిని గుర్తిస్తుంది, వియత్నాం 1968 వియన్నా ఒప్పందం కింది పర్మిట్‌ను మాత్రమే గుర్తిస్తుంది. వియత్నాం కొండదారుల్లో అద్దె బైకు నడిపి పడితే, చెల్లని లైసెన్సు కారణంగా బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. అక్కడ స్థానికుడు నడిపే బైకు వెనక కూర్చుని తిరిగే ఏర్పాటు ఉంది; నా సలహా అదే.

డబ్బులో కొంత డాలర్ నోట్లుగా, మిగిలినది విదేశీ కరెన్సీని ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో ఉంచుకోవడం మంచిది. ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు విదేశీ నోట్లు తీసుకువెళ్లవచ్చు. ఈ ప్రయాణానికి అందులో పదో వంతు చాలు. కంబోడియాలో రియెల్‌తో పాటు డాలర్లు నేరుగా చెల్లుతాయి కానీ, కొద్దిగా చిరిగినా, రాత ఉన్నా ఆ నోటు తీసుకోరు. కనుక నోట్లు తీసుకునేటప్పుడే ఒక్కొక్కటీ తిప్పి చూసుకోవాలి. వియత్నాంలో 20,000 డాంగ్‌ల నోటు, 5,00,000 డాంగ్‌ల నోటు రెండూ నీలం రంగువే. పర్సులో వాటిని వేర్వేరు అరల్లో పెట్టుకోకపోతే చీకట్లో పొరపాటు తప్పదు. బ్యాంకు కార్డులో విదేశీ లావాదేవీలను బయలుదేరే ముందే యాప్‌లో తెరవాలి, ఎందుకంటే 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులలో ఆ సౌకర్యం మూసే ఉంటుంది.

పత్రాలు, వాటి కవరు, డబ్బు సంచీ కలిపి 250 గ్రాములు. ఇప్పటికి 1 కిలో 450 గ్రాములు అయ్యాయి.

నాలుగో మెట్టు: బట్టలు

మూడు వారాలకు మూడు వారాల బట్టలు అక్కరలేదు. ఒక వారానికి సరిపడా ఉంటే చాలు. ఈ దేశాల్లో అతిథిగృహాల దగ్గర బట్టలు కిలో లెక్కన తూచి ఉతికి, మరుసటి రోజుకు మడతపెట్టి ఇస్తారు. అందువల్ల సంచిలో మూడు టీషర్టులు, ఒక పొడవు చేతుల చొక్కా, ఒంటి మీదిది కాక మరొక పల్చని ప్యాంటు, ఒక నిక్కరు, నాలుగు జతల లోదుస్తులు, రెండు జతల సాక్సులు ఉంచుకోవాలి. నూలు బట్టలు చెమటను పీల్చుకుని త్వరగా ఆరవు. తేమ ఎక్కువగా ఉండే హనోయిలో రాత్రి ఉతికిన నూలు బనియను తెల్లారినా తడిగానే ఉంటుంది. త్వరగా ఆరే పాలిస్టర్ లేదా సన్నని ఉన్ని బట్టలు మేలు. జీన్స్ ప్యాంటును ఇంట్లోనే వదిలేయాలి; ఒక్కటే 600 గ్రాములకు పైగా తూగుతుంది, తడిస్తే రెండు రోజులు ఆరదు.

చలికి మందపాటి జాకెట్టు బదులు పొరలు పెట్టుకోవాలి: లోపల వెచ్చని లోదుస్తుల (థర్మల్) జత, దానిపైన చొక్కా, ఆపైన మెత్తని నూగు బట్టతో కుట్టిన పల్చని కోటు (ఫ్లీస్), అన్నింటికీ మీద వాన జాకెట్టు. ఈ నాలుగూ కలిస్తే సాపా చలికి సరిపోతాయి, విడివిడిగా ఒక్కొక్కటీ ఇతర ఊళ్లలో పనికొస్తాయి. రాత్రిపూట ఏసీ గట్టిగా వేసే స్లీపర్ బస్సుల్లో ఫ్లీస్ రోజూ అవసరమవుతుంది.

బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లోనూ, అంగ్‌కోర్ ఆలయాల్లోనూ భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చేతులు లేని బట్ట మీద చున్నీ కప్పుకుంటే సరిపోతుందని మన ఆడవారు అనుకుంటారు. అక్కడి కాపలాదారులు చాలాసార్లు దానిని ఒప్పుకోరు. చేతులున్న పల్చని కుర్తా ఒకటి, వదులైన ప్యాంటు ఒకటి ఉంటే గుడికీ, ఎండకూ, దోమలకూ కలిసి వస్తాయి.

టర్కీ తువ్వాలు వద్దు. పర్వతారోహణ దుకాణాల్లో ఎక్కువ ధరకు అమ్మే మైక్రోఫైబర్ తువ్వాలు కూడా వద్దనే అంటాను, ఎందుకంటే దాని పని చేసే వస్తువు మన ఇళ్లలోనే ఉంది. పల్చని చేనేత తువ్వాలు 150 గ్రాములు తూగుతుంది, నూలుదే అయినా పల్చన కనుక త్వరగా ఆరుతుంది, మెడకు చుట్టుకోవచ్చు, తలకు కట్టుకోవచ్చు, బస్సులో దిండుకు తొడుగుగా వేసుకోవచ్చు. కంబోడియా పల్లెల్లో అందరి భుజాన కనిపించే గళ్ల కండువా ‘క్రమా’ను చూస్తే మన తువ్వాలుకు దూరపు చుట్టమనిపిస్తుంది.

తువ్వాలుతో కలిపి బట్టలు 2 కిలోల 350 గ్రాములు. మొత్తం 3 కిలోల 800.

ఐదో మెట్టు: పాదాలు

బూట్లు ఒక్క జతే, అవీ కాళ్లకే ఉండాలి. కొండదారిలో జారకుండా పట్టే అడుగు ఉన్న తేలికపాటి బూట్లను కనీసం నెల ముందు కొని, రోజూ నడిచి అలవాటు చేసుకోవాలి. సంచిలో వెనక పట్టీ ఉన్న చెప్పులు ఒక జత పెట్టుకోవాలి. బరువు 350 గ్రాములకు లోపే ఉండాలి. వియత్నాం స్లీపర్ బస్సులో ఎక్కేటప్పుడు పాదరక్షలు విప్పి ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి, గుళ్ల ముందు విప్పాలి, చాలా అతిథిగృహాల గుమ్మం దగ్గరా విప్పాలి. తాళ్ల బూట్లతో రోజుకు పదిసార్లు కుస్తీ పట్టలేము. పదో నంబరు దాటిన పాదాలున్నవారికి అక్కడ బూట్లు దొరకడం కష్టం కనుక, ‘అక్కడే కొనుక్కోవచ్చు’ అన్న సూత్రం ఈ ఒక్క విషయంలో పనిచేయదు.

ఆరో మెట్టు: మందులు, స్నానపు సరుకులు

సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, శానిటరీ ప్యాడ్లు థాయ్‌లాండ్‌లో వీధికొక సెవెన్-ఎలెవెన్‌లో దొరుకుతాయి. మొదటి మూడు రోజులకు సరిపడా తీసుకుంటే చాలు. క్యాబిన్‌లోకి తీసుకువెళ్లే ద్రవాలు, క్రీములు, తలనూనె ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించని సీసాలో ఉండాలి, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి. సగం ఖాళీ అయిన 200 మిల్లీలీటర్ల సీసానూ అనుమతించరు. చూసేది సీసా మీది అంకెనే. మరుగుదొడ్లలో నీటి స్ప్రే ఈ మూడు దేశాల్లోనూ మామూలే కనుక, యూరప్ వెళ్లేవారిలా మగ్గు గురించి దిగులు పడనక్కరలేదు.

మందుల విషయంలో మాత్రం పొదుపు వద్దు. జ్వరానికి పారాసెటమాల్, విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు, అలర్జీకి సెట్రిజిన్, బొబ్బలకు ప్లాస్టర్లు, గాయాలకు యాంటీసెప్టిక్, కొండదారుల మలుపుల్లో కడుపు తిప్పితే వేసుకునే మాత్రలు ఉండాలి. రోజూ వాడే మందులను అసలు స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో సహా తీసుకువెళ్లాలి. చీటీ మీద బ్రాండు పేరే కాక మందు పేరు కూడా రాయించుకోవాలి. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు, అల్ప్రజోలామ్ వంటి నిద్రమాత్రల మీద థాయ్‌లాండ్‌లో నియంత్రణ ఉంది. అవి వాడేవారు ముందుగా అనుమతి నిబంధనలు చదువుకోవాలి. ఈ-సిగరెట్లు మూడు దేశాల్లోనూ నిషిద్ధం. డెంగీ దోమ పగలే కుడుతుంది కనుక దోమలను తరిమే డీట్ లేదా పికారిడిన్ మందు ఉన్న క్రీమును సాయంత్రం దాకా దాచుకోకుండా ఉదయమే రాసుకోవాలి.

మందులు, స్నానపు సరుకులు కలిపి 800 గ్రాములు. చెప్పులతో కలిపి లెక్క 4 కిలోల 950కి చేరింది.

ఏడో మెట్టు: కరెంటు వస్తువులు

ఈ దేశాల్లో మనలాగే 220 నుంచి 230 వోల్టుల కరెంటు ఉంటుంది. చాలాచోట్ల ప్లగ్గు రంధ్రాలు చదును పిన్నులకూ, గుండ్రని పిన్నులకూ రెండింటికీ సరిపోతాయి. మన రెండు గుండ్రని పిన్నుల ఛార్జర్ నేరుగా పడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటేనే అడాప్టర్ కావాలి. రెండు మూడు పోర్టులున్న ఒకే ఛార్జర్, రెండు కేబుళ్లు, ఇయర్‌ఫోన్లు, తలకు కట్టుకునే చిన్న లైటు చాలు.

పవర్‌బ్యాంక్ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ లగేజీలో వేయడానికి వీల్లేదు. 100 వాట్ అవర్ల లోపు వాటికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ సుమారు 74 వాట్ అవర్లు. 10,000దే ఈ ప్రయాణానికి సరిపోతుంది, బరువూ సగమే. దాని మీద సామర్థ్యం ముద్రించి ఉండాలి, చెరిగిపోతే భద్రతా సిబ్బంది పక్కన పెట్టేస్తారు. విమానంలో దానిని వాడవద్దని చాలా సంస్థలు ఇటీవల నిబంధన పెట్టాయి.

ఫోన్‌లో స్థానిక సిమ్ వేసుకున్నా మన సిమ్‌ను పారేయకూడదు, ఆపేయకూడదు. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. వెళ్లే ముందు రోమింగ్ తెరిచి, మొబైల్ డేటా మాత్రం మూసి ఉంచాలి. సిమ్ తీసే సూదిని పాస్‌పోర్టు కవరుకు టేపుతో అతికించుకోవడం చిన్న పనే, అది లేక విమానాశ్రయంలో చెవిదుద్దు అడిగినవారిని చూశాను. హో చి మిన్ నగరంలో బైకు మీద వచ్చి ఫోన్లు లాక్కుపోయే దొంగతనాలు ఎక్కువ కనుక మణికట్టుకు తగిలించుకునే తాడు కట్టుకోవాలి.

ఫోన్ జేబులో ఉంటుంది కనుక లెక్కలోకి రాదు. మిగిలినవి 700 గ్రాములు. డార్మిటరీ లాకరుకు నంబరు తాళం, చెవుల్లో పెట్టుకునే దూది బిరడాలు, కంటిపట్టీ, సూది దారం, నాలుగు క్లిప్పులు మరో 250. మొత్తం 5 కిలోల 900.

ఎనిమిదో మెట్టు: తిండి

తెలుగింటి సంచి బరువెక్కేది ఇక్కడే. తడి ఆవకాయకు ద్రవాల నిబంధన వర్తిస్తుంది, కారప్పొడిని చేతిసంచిలో అనుమతించరు, ఎండుకొబ్బరిని త్వరగా మండే పదార్థంగా లెక్కవేస్తారు. లగేజీ వేయని ప్రయాణంలో ఈ మూడింటికీ దారి లేదని ఇంట్లో అమ్మకు ముందే చెప్పాలి. అటుకుల చుడువా, పల్లీ పట్టీ, జంతికలు కలిపి 400 గ్రాములు పెట్టుకుంటే రాత్రి బస్సులకు సరిపోతాయి.

శాకాహారులు తిండికన్నా ముఖ్యంగా రెండు మాటలు వెంట తీసుకువెళ్లాలి. వియత్నాంలో కూరగాయల వంటల్లోనూ చేపల రసం పోస్తారు. ‘చాయ్’ అనే మాటకు అక్కడ శాకాహారమని అర్థం, కనుక టీ అడిగే అలవాటులో చాయ్ అంటే అన్నం పళ్లెం రావచ్చు. చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు చాలామంది అక్కడ శాకాహారం తింటారు, మన పౌర్ణమి అమావాస్యల నియమంలాగే. ఆ రోజుల్లో తిండి సులువుగా దొరుకుతుంది. థాయ్‌లాండ్‌లో ‘జే’ అనే మాట ఎర్రగా రాసిన పసుపు జెండా ఉన్న కొట్టులో మాంసం, చేప, గుడ్డు, వెల్లుల్లి ఏవీ ఉండవు. ఈ రెండు మాటలనూ స్థానిక లిపిలో ఒక అట్టముక్క మీద రాసుకోవాలి.

మొత్తం 6 కిలోల 300 అయింది. మిగిలిన 700 గ్రాములను నింపవద్దు. విమానాశ్రయపు కాటాకూ ఇంటి కాటాకూ వచ్చే తేడాకు, తడిసిన బట్టలకు, తిరుగుప్రయాణంలో కాఫీపొడి పొట్లానికి అవి కావాలి.

తొమ్మిదో మెట్టు: సంచి నింపడం, మోసి చూడటం

అడుగున కొండ ఊళ్ల వరకు అవసరం రాని థర్మల్ జత, ఫ్లీస్ పెట్టాలి. బరువైన తిండి, మందులు, ఛార్జర్ సంచి మధ్యభాగంలో వీపుకు ఆనించి పెట్టాలి. వీపుకు దూరంగా బయటి జేబులో పెడితే సంచి వెనక్కి లాగుతుంది, దాన్ని సరిచేయడానికి మనిషి ముందుకు వంగి నడుస్తాడు. బట్టలను చుట్టలుగా చుట్టి చుట్టూ ఖాళీల్లో దూర్చాలి. ద్రవాల సంచి, పవర్‌బ్యాంక్ భద్రతా తనిఖీలో వెంటనే తీయవలసినవి కనుక పైన ఉండాలి. వాన జాకెట్టు అన్నింటికన్నా పైన. పాస్‌పోర్టు, డబ్బు సంచిలో కాక చొక్కా లోపల ఒంటికి కట్టుకున్న పల్చని సంచీలో ఉండాలి.

ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు, ఆఖరి రాత్రి దాకా ఆగకుండా, అంతా సర్ది తూచి, సంచి తగిలించుకుని ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు నడవాలి, మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగాలి. ముందు నడుము బెల్టు బిగించి, తరువాత భుజాల పట్టీలు, చివర ఛాతీ పట్టీ సరిచేయాలి. భుజం మీద వేలు దూరేంత సందు ఉంటే బరువు తుంటి మీద ఉన్నట్టు. తిరిగి వచ్చాక సంచి విప్పి, ఎందుకు పెట్టుకున్నారో వెంటనే చెప్పలేని వస్తువులను మంచం మీద వదిలేయాలి. రెండో చొక్కా, మూడో పుస్తకం, గొడుగు సాధారణంగా ఆ మంచం మీదే మిగిలిపోతాయి. ఖాళీ అయిన చోట ఒక నీలి సిరా పెన్ను పెట్టుకోండి. ఎక్కడైనా కాగితపు ఫారం నింపవలసి వస్తే పెన్ను కోసం వెతుక్కోనక్కరలేదు.